తలకు తగిలిన దెబ్బ - దూరము, కాలము

ఏటూరునాగారము దారిలో మోటారు సైకిలు మీదినుండి పడి తెలివి తప్పిన మనిషి వరంగల్లు ఎం.జి.ఎం. ఆస్పత్రికి చేరుటకు సుమారు 100 కిలోమీటర్లు రావలెను. హైదరాబాదునకు పంపవలసి వచ్చెనా, మరి 140 పైచిలుకు. అదే దెబ్బ రాజధాని వీథిలో తగిలినవానికి ఈ ప్రయాణము లేదు. ఫలితములలో భేదము ఇచ్చటనే మొదలగును.

దెబ్బ తీవ్రతను కొలుచుటకు 1974లో గ్లాస్గో నగర వైద్యులు టీస్‌డేల్, జెన్నెట్ ఒక మానమును ఏర్పరచిరి. కన్ను తెరచునా, మాటాడునా, కాలుసేతులు కదల్చునా అని చూచి మార్కులు వేయుదురు. మొత్తము 15, 8గాని అంతకు తక్కువగాని వచ్చిన తీవ్రమని యెంచుదురు. దీనికి యంత్రమేదియు అక్కరలేదు. ములుగులో వేసిన అంకె లండనులోను అర్థమగును.

2009లో ప్రకటితమైన ఒక పరిశీలనయందు 46 దేశములకు చెందిన 8,927 మంది రోగుల వివరములను పోల్చిరి. తీవ్రమైన దెబ్బ తిన్నవారికి మృతులకు బ్రతికినవారికి గల నిష్పత్తి, సంపన్న దేశములతో పోల్చగా, తక్కినచోట్ల రెండింతలకు మించి యుండెను. యంత్రములు లేకపోవుటయే కారణమందురా? బొలీవియా, ఈక్వడారులలో 324 మందిపై పరీక్షించి 2012లో ప్రకటించిన ఫలితము వేరుగా నున్నది. కపాలములోని ఒత్తిడిని యంత్రముతో కొలిచి చికిత్స చేసినను, స్కానును, రోగి లక్షణములను చూచి చేసినను చెప్పుకోదగిన భేదము కనబడలేదు. అయితే ఉభయులకును తీవ్ర చికిత్సా విభాగములో రాత్రింబవళ్లు కనిపెట్టి చూచు మనుషులుండిరి. యంత్రముకన్న వారే దుర్లభులని మా అభిప్రాయము.

మెదడునకు రెండవ దెబ్బ దారిలోనే తగులును. ప్రాణవాయువు చాలక, రక్తపుపోటు పడిపోయి, బ్రతుకవలసినవాడు చేజారును. తెలివి లేనివాని నోట నీరు పోయరాదు. సోడా పట్టించుట మనవారికొక అలవాటు! వాంతి యైనచో తల, మెడ, మొండెము ఒక్కటిగా పట్టి ప్రక్కకు త్రిప్పవలెను. 108 బండి 2005 నుండి నడచుచున్నది. దానిని పిలిచి, దెబ్బ తగిలిన వేళను గుర్తుంచుకొని చెప్పుడు.

ఇల్లు చేరినపిమ్మట కథ మిగిలియే యుండును. ఇతరదేశములలో కొన్ని చోట్ల నెలల తరబడి శిక్షణాలయములలో నుంచి నడకను, మాటను మరల నేర్పుదురు. ఇచ్చట ఆ పని తల్లిదో భార్యదో యగుచున్నది. రెండు గంటలకొకసారి ప్రక్కకు ఒత్తిగిల్లజేయుట, కీళ్లు బిగియకుండ కదల్చుట ఆమెకు ఆస్పత్రిలోనే చూపించి పంపవలెను. నెమ్మదస్థుడు ముక్కోపి యైనను, నిన్నటి మాట నేడు మరచినను, గాలి సోకినదని గాని, గుణము చెడినదని గాని అనుకొనకుడు. అవి గాయపు శేషములు. మరల పరీక్షకు వెళ్లిన దినమున ఈ సంగతులను వైద్యునికి ఆమె స్వయముగా చెప్పవలెను. రోగికి అవి తోచవు.