వెన్నెముకయు, చట్టమును, చింతమానును



నన్ను ఈ పీఠమున కూర్చుండబెట్టినవారు, నేనొక్క విషయమునే పట్టుకొని యింతకాలము వేలాడుచున్నవాడనని యెఱిగియే కూర్చుండబెట్టిరి గనుక, నేడును దానినే పట్టుకొనుటకు వారి యనుమతి లభించినట్లు భావించుచున్నాను. వెన్నుపూస వేఱనియు వెన్నుపాము వేఱనియు, పూస విఱిగియు లేచి నడచినవారు కలరు గాని పాము నలిగినవారు పడక విడుచుట దుర్లభమనియు, మెడలో తగిలిన గాయము కాలుసేతులను నాలుగింటిని, వీపున తగిలినది కాళ్లను హరించుననియు ఈ సభలోని వైద్యులకు నేను చెప్పనక్కఱలేదు. న్యాయవాదులకు చెప్పవలసిన యవసరము మాత్రము ఇంకను తీరలేదని, ‘నడుము దెబ్బ’ యను రెండు మాటలతో దాఖలగుచున్న క్లెయిము పిటిషన్లను చూచినప్పుడెల్ల తోచుచుండును.

సుమారు 3,600 ఏండ్ల నాటి యొక యీజిప్టు వైద్యగ్రంథము ఈ గాయమును చక్కగా వర్ణించి, చికిత్స చేయదగినది కాదని తేల్చి చేతులు దులుపుకొన్నది. ఆ తీర్పు మొన్నమొన్నటివరకు ఇంచుమించుగా చెల్లినది. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్ వైద్యశాలలో లుడ్విగ్ గుట్‌మన్, రోగిని రాత్రింబవళ్లు రెండు గంటలకొకమారు ప్రక్కకు త్రిప్పుటయు, మూత్రాశయమును శుభ్రముగా ఖాళీ చేయించుటయు, లేవదీసి కూర్చుండబెట్టి యేదో యొక పని నేర్పుటయు ఆరంభించిన పిమ్మట, వెన్నుపాము నలిగినవాడు చావనక్కఱలేదని లోకమునకు తెలిసినది. మనకింతదూరపు సాక్ష్యము కూడ అవసరము లేదు. పుంగనూరు జమీను ఒకప్పుడు ఏ యుత్తరార్కాటు జిల్లాలో నుండెనో, ఆ జిల్లాకు చెందిన వేలూరులోనే డాక్టర్ మేరీ వర్గీస్ 1954 జనవరిలో మోటారు ప్రమాదమున నడుము క్రింది చలనమంతయు కోల్పోయి, చక్రాల కుర్చీలో కూర్చుండియే కుష్ఠరోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసి, అమెరికాలో పునరావాస వైద్యము నభ్యసించి వచ్చి, 1966లో అక్కడ పునరావాస సంస్థ నెలకొనుటకు కారకురాలైనది. కుప్పమునుండి రైలెక్కి, మదనపల్లెనుండి బస్సెక్కి అచ్చటికి పోయి, తామంతట తాము మంచముమీదినుండి కుర్చీలోనికి జరుగుట నేర్చుకొని వచ్చినవారిని నేనెఱుగుదును.

అట్టివారి యింటిలోనికి ఒక్క పూట తొంగిచూచినవారికి వైకల్యపు శాతములమీద భ్రాంతి తొలగవలెను. స్పర్శ తెలియని పిఱుదులమీద పక్కబట్ట మడత యొకటి రాత్రియంతయు ఒరసినచో తెల్లవారునప్పటికి ఎఱ్ఱని మచ్చ, వారము తిరుగునప్పటికి పుండు, నెల తిరుగునప్పటికి ఎముక కనబడు గుంట. ఆ గుంటలో గాజుగుడ్డ కుక్కి తీయునది భార్య. రెండు గంటలకొకమారు ప్రక్కకు త్రిప్పునదియు ఆమెయే. కూలికి పోవుట మానుకొన్నదియు ఆమెయే. ఆమె పోగొట్టుకొన్న కూలి ఏ బిల్లులోను లేదు. కాగా మా మిత్రులొకరు (పేరు చెప్పిన నొచ్చుకొందురు, చెప్పకున్నను నొచ్చుకొందురు) మెడికల్ బోర్డు వేసిన శాతమే శాస్త్రమనియు, తక్కినదంతయు కన్నీటి సాహిత్యమనియు ఒక సభలో సెలవిచ్చిరి. కాని 2010లో రాజ్‌కుమార్ కేసులో సర్వోన్నత న్యాయస్థానము, అవయవ వైకల్యపు శాతము వేఱు, సంపాదనాశక్తి నష్టము వేఱు అని విప్పి చెప్పినది. ఎడమచేయి పోయిన వడ్రంగికి బ్రతుకుతెరువు పోవును, గుమాస్తాకు పోకపోవచ్చును. 2020లో ఒక పండ్రెండేండ్ల బాలిక కేసులో, ఇద్దరు పరిచారకులకు కలిపి నెలకు 10,000 చొప్పున ఏడాదికి లెక్కకట్టి, దానిని 18తో గుణించి, పరిచర్యకే 21,60,000 రూపాయలు ఇప్పించినది. ఈ రెండు తీర్పులు చదివియు శాతములయొద్దనే ఆగినవారితో నాకు వాదము లేదు.

మన తెలుగునాటి కేసు నొకదానిని మఱవరాదు. 1990 అక్టోబరులో హైదరాబాదు నిమ్స్ వైద్యశాలలో ఛాతీలోని కణితికి శస్త్రచికిత్స పొందిన యొక ఇంజనీరింగు విద్యార్థి కాళ్లు పడిపోయి బయటికి వచ్చెను. జాతీయ వినియోగదారుల కమిషన్ 1999లో 15.5 లక్షలు ఇప్పింపగా, అతడు చక్రాల కుర్చీలోనే వచ్చి సర్వోన్నత న్యాయస్థానములో తన కేసును తానే వాదించుకొని, 2009 మేలో ఒక కోటి రూపాయలును వడ్డీయు సాధించెను. అది పందొమ్మిదేండ్ల పోరాటము. చదువున్నవాడు గనుక నిలువగలిగెను. చదువులేనివానిని లోక్ అదాలత్ నాటి యుదయమున చెట్టునీడకు పిలిచి, ‘వచ్చినది పుచ్చుకో, రేపటి మాట ఎవరెఱుగుదురు’ అని రాజీపత్రముమీద వేలిముద్ర వేయించు సోదరులు ఈ సభలో లేరనియే తలంచెదను.

మోటారు వాహనముల చట్టమును గూర్చి రెండు మాటలు చాలును. క్లెయిము ఆఱు నెలలలోపల వేయవలెనను నియమము 2022 ఏప్రిల్ నుండి మరల వచ్చినది; వెన్నువిఱిగినవాని యాఱు నెలలు ఆసుపత్రి వరండాలోనే గడచునని దానిని వ్రాసినవారికి తోచలేదు. గుర్తు తెలియని వాహనము గ్రుద్ది పోయినచో, తీవ్రగాయమునకు 50,000. వాటర్‌బెడ్డుకును చక్రాల కుర్చీకిని సరిపోవును గాబోలు. అయినను చక్రము క్రింద పడినవానికి చట్టమున నేదో యొక సెక్షనున్నది.

చెట్టుమీదినుండి పడినవాని మాటయేమి? ఇదియే నా ప్రశ్న. మాఘ ఫాల్గుణములలో కుప్పము, మదనపల్లె, పుంగనూరుల నడుమ ఏ బాటను పోయినను, చింతమాను కొనకొమ్మమీద ఒకడు దోటికఱ్ఱతో కొమ్మలు దులుపుచుండును; క్రింద ఆడువారు కాయలేరుచుందురు. పట్టుకొనుటకు త్రాడు లేదు, క్రింద వల లేదు. కొమ్మ విఱిగినచో ఇరువది, ముప్పది అడుగులు. పడినవానిని నలుగురు కాలు చేతులు పట్టి యెత్తి, వీపు జోలెవలె వంగగా ఆటోలో కుక్కుదురు. పడినప్పుడు మిగిలియున్న నరము ఆ యెత్తుటలో నలుగుట కలదు. పలకమీద కదలకుండ పడుకోబెట్టి తేవలెనని యే పంచాయతీ గోడమీద వ్రాసియుండగా చూచితిమి?

1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టము తన రెండవ షెడ్యూలులో తాటి, ఈత జాతి చెట్లు గీయువారిని చేర్చినది, చెట్లు నఱకువారిని చేర్చినది, అడవిలో మంటలార్పువారిని సైతము చేర్చినది. చింతకాయ దులుపువానిని పేరెత్తి చేర్చలేదు. అపాయకరమైన వృత్తిని మూడు నెలల నోటీసుతో చేర్చు అధికారమును రాష్ట్ర ప్రభుత్వమునకు ఆ చట్టమే యిచ్చియుండెను. 2009 నాటి సవరణతో దాని పేరు మారినది; ఇప్పుడది సామాజిక భద్రతా స్మృతిలో కలిసినది; మాను మాత్రము చట్టపు పొలిమేర కావలనే నిలిచియున్నది. చింతమానునుండి పడిన, పుంగనూరు తట్టు పల్లెకు చెందిన యొక కూలీ పక్షమున నేను వాదించిన నాడు, గుత్తదారు తరపు వకీలు లేచి, ‘ఇతనికి డబ్బుగా కూలి లేదు, కాయలో పాలున్నది, కావున ఇతడు కూలీ కాడు, భాగస్వామి’ యనెను. పది బుట్టలకొక బుట్ట పుచ్చుకొన్నవాడు, నష్టమున మాత్రము వెన్నెముకను పాలుపెట్టిన భాగస్వామి! ఆ వాదమును మెచ్చుకొన్న పెద్దలు కొందఱు నేటికిని మా బార్ రూములో టీ త్రాగుచుందురు.

‘ఎక్కువాడు అపాయమెఱిగియే యెక్కును’ అను సిద్ధాంతమును మరల మరల వినిపించువారికి ఒక్కటే మనవి: గని కార్మికుడును ఎఱిగియే దిగును, అతనికి చట్టమున్నది. కుప్పములో వైద్యకళాశాల యున్నది, విశ్వవిద్యాలయమున్నది. చింతకోతల నాళ్లలో వచ్చు వెన్నుగాయములన్నింటికి ఒక పుస్తకము తెఱచి, వయస్సు, ఎత్తు, తెచ్చిన విధము, కూలి, గుత్తదారు, ఆరు నెలల పిమ్మటి స్థితి వ్రాసియుంచుట డాక్టరేటుకు తగిన పనియే. ఆ పుస్తకము లేనిదే ప్రభుత్వమునొద్ద మన మాట చెల్లదు.

కావున ఈ సదస్సు చేయవలసినది ఒక్క తీర్మానము: చెట్టెక్కి కాయ దులుపు కూలీలను, కూలి డబ్బుగా నిచ్చినను పాలుగా నిచ్చినను, నష్టపరిహారమునకు అర్హులుగా పేర్కొని చేర్చవలెననియు, గుత్త వేలపు షరతులలోనే గుత్తదారుచేత బీమా కట్టించవలెననియు. ఈ యేటి చింతగుత్తలు అప్పుడే మొదలైనవి. తీర్మానపు ప్రతి కార్యదర్శిగారి బల్లమీద నున్నది. మొదటి సంతకము నేను చేసితిని. భోజనమునకు లేచుటకు ముందు తక్కినవారును చేయవలెనని కోరుచున్నాను.