క్రీడాప్రసారములు – మన యింటి తెలుగు



కేబులు టెలివిజను విడిచి ఇంటర్నెట్టు ప్రసారములకు మారుటచే ఆటలు చూచు తీరు ఎట్లు మారినదో, అందు మనబోటివారికి కలిగిన లాభనష్టము లెట్టివో నేడు ముచ్చటింప దలచితిమి.

బళ్ళారి, హోసూరు, బరంపురము మున్నగు తావులలో తరతరములుగా కాపురమున్న తెలుగువారము మనము. కేబులు తీగపై వచ్చు భాష చాలవరకు ఊరిని బట్టి యుండెడిది. 2018 డిసెంబరులో స్టార్ స్పోర్ట్స్ తెలుగు చానలు వెలసినది. 2019లో చానళ్లను చందాదారుడే ఎంచుకొను పద్ధతి వచ్చినది. అయినను అడిగి తెచ్చుకొనినవారు మనలో కొందరే.

ఇంటర్నెట్టు ఈ ఎల్లను చెరపినది. 2023లో జియోసినిమా ఐ.పి.ఎల్. పోటీలను ఉచితముగా పండ్రెండు భాషలలో వినిపించినది. తెలుగు, కన్నడము, తమిళము, ఒడియా, మరాఠీ అన్నియు అందుండెను. ఏ రాష్ట్రమున నున్నను మన భాషలో ఆట చూడగలుగుట సామాన్యమైన మేలు కాదు.

అయితే ఉచితము నిలువలేదు. 2025 ఫిబ్రవరిలో జియోసినిమా, హాట్‌స్టార్ ఏకమై జియోహాట్‌స్టార్ అయినవి. ఆ యేడు ఐ.పి.ఎల్. పూర్తిగా చూచుటకు చందాయో, చందాతో కూడిన రీచార్జియో కావలసివచ్చెను. మరియు ఇంటర్నెట్టున దృశ్యము తునకలుగా వచ్చి, కొంత నిలువచేరిన పిదప కదలును. అందుచే పొరుగింటి కేబులువారి కేక ముందు వినబడును; మన తెరపై వికెట్టు తరువాత పడును!

ఇవి చిన్న చిక్కులు. పెద్ద చిక్కు వేరొకటి కలదు. బడిలో తెలుగు లేని పిల్లవానికి ఇంటి మాటయే తెలుగు బడి. ఒక్క పెట్టె యెదుట తాతయు మనుమడును కూర్చున్న నాడు, ఆట పేరిట గంటలకొలది తెలుగు నడిచెడిది. నేడు ఎవరి ఫోను వారిది. తాతకు ఫోనులో భాష మార్చుట తెలియదు. మనుమడు బడి భాషలోనే వినును. ఎంచుకొను స్వేచ్ఛ వచ్చియు, ఎంచుకొనువారు లేక తెలుగు జారిపోవుచున్నది.

కావున మా మనవి రెండు మాటలు. యువకులు పెద్దల ఫోనులలో తెలుగు వ్యాఖ్యానము కుదిర్చి యిండు. ముఖ్యమైన పోటీ దినమున ఫోనులు ప్రక్కనుంచి, ఇంటిల్లిపాదియు ఒక్క తెర ముందర కూర్చుండుడు. వినువా రుండిననే వ్యాఖ్యానము నిలుచును. పలుకువా రుండిననే భాష నిలుచును.