సున్నము క్రింది అక్షరములు

(చౌటుప్పల్‌లో గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున ప్రచారాధికారి చేసిన ప్రసంగ పాఠము)



ఈ శిబిరమున మీకు పన్నుల వసూళ్ళను గూర్చి, పారిశుధ్యమును గూర్చి, మొక్కల పెంపకమును గూర్చి పెద్దలు చెప్పియున్నారు. మాకు కేటాయించిన గంటలో మేము పాత మసీదులను గూర్చియు, దర్గాలను గూర్చియు, వాటిపై చెక్కిన అక్షరములను గూర్చియు మాట్లాడబోవుచున్నాము. పంచాయతీకి దీనితో ఏమి పని యని మీలో కొందరు అనుకొనవచ్చును. పని కలదు. ఊరి కమాను కూలినను, దర్గా గోడ బీటవారినను, పీర్ల చావిడి కప్పు కారినను జనము మొట్టమొదట మీ యింటికే వత్తురు. దారి వెడల్పు చేయవలెనన్నను మీ తీర్మానమే కావలెను. ఎన్ని బస్తాల సిమెంటు, ఎన్ని డబ్బాల రంగు అను లెక్క మీ యెదుటనే తేలును. ఆ లెక్క తేలుటకు ముందు ఒకమారు ఆ గోడవైపు చూడుడని కోరుటకే మేము వచ్చితిమి.

మా తప్పు ఒకటి మొదట ఒప్పుకొందుము. కొన్నియేండ్ల క్రిందట ఒక గ్రామమున ఉర్సు ఏర్పాట్లకు మేము వెళ్ళియుంటిమి. దర్గా గుమ్మముపై అడ్డముగా ఒక రాయి, దానిపై మూడు వరుసల వ్రాత. ఏటేటా వేసిన సున్నముతో అక్షరములు పూడిపోయి, గుమ్మము వెలవెలబోవుచుండెను. పెద్దలు వచ్చుచున్నారు, కాస్త శోభగా నుండవలెనని మేమే సలహా చెప్పితిమి. ఊరి యువకులు ఉత్సాహముతో రెండు పూతలు ఆకుపచ్చ రంగు పట్టించిరి. మేము మెచ్చుకొంటిమి కూడ. సాయంకాలము ఒక ముసలాయన వచ్చి, “ఆ రాతిమీద ఏమని యుండెను అయ్యా?” యని అడిగెను. మేము చదివియుండలేదు, ఫోటో తీయించియుండలేదు. దర్గా కట్టించినవారి పేరో, కట్టిన సంవత్సరమో, ఆ స్థలమునకు ఇచ్చిన మాన్యమో, ఏమి యుండెనో చెప్పగలవారు ఆ ఊరిలో లేరు. ఆనాటినుండియే మేము ఈ విషయమును శ్రద్ధగా తెలిసికొన నారంభించితిమి.

ఈ అక్షరములు మీకు కొత్తవి కావు. పీర్ల పండుగకు మీ ఊరి చావిడిలో పీరీలను నిలుపుదురు గదా. మన ప్రాంతమున ముస్లిము ఇల్లు ఒక్కటియు లేని ఊళ్ళలో సైతము పీరీలు నిలుచును. ఎత్తువారు, గుండము త్రవ్వువారు, కుడుకలు దట్టీలు సమర్పించువారు అన్ని కులములవారును. ఆ పీరును ఈసారి దగ్గరగా చూడుడు. ఇత్తడి రేకును కోసి, సందులు విడిచి, తీగవలె అల్లిన ఆ పనితనములో అల్లా పేరు, మహమ్మదు పేరు, అలీ పేరు అరబ్బీ లిపిలో నుండును. చేతి ఆకారములోనున్న పంజాలోని అయిదు వ్రేళ్ళు మహమ్మదు ప్రవక్త, అలీ, ఫాతిమా, హసను, హుసేను అను అయిదుగురికి గుర్తు. మనము భుజముపై మోసినది, దట్టీ కట్టినది ఒక లేఖకుని చేతివ్రాతకే.

మసీదులలో ప్రతిమ నుంచుట, మనుష్యరూపము చెక్కుట ఆచారము కాదు. మన శిల్పి దేవాలయ స్తంభముపై నర్తకిని నిలిపి చూపిన నేర్పును అక్కడి శిల్పి అక్షరమునందు చూపెను. ఆ లిపి కుడినుండి యెడమకు సాగును. లేఖకుడు రెల్లుకలమును ఏటవాలుగా చెక్కి, సిరాలో ముంచి, కాగితముపై ఒక చుక్క పెట్టును. ఆ చుక్క పలకవలె నాలుగు మూలలుగా పడును. ఆ చుక్కయే అతని కొలబద్ద. నిలువుగీతవంటి మొదటి అక్షరము ‘అలిఫ్’ ఎన్ని చుక్కల పొడవుండవలెనో, తక్కిన అక్షరముల వంపు ఎంత తిరుగవలెనో ఆ లెక్కనుబట్టి యుండును. చూచుటకు లతవలె తోచినను వెనుక కొలత తప్పదు. ముగ్గుపెట్టు తల్లులు మొదట చుక్కలు పెట్టి తరువాత గీతలు కలుపుదురు. వారికి ఈ మాట మేము విడమరచి చెప్పనక్కరలేదు.

లిపిలో తీరులు పలు కలవు. ఇరాకు దేశపు కూఫా పట్టణము పేర వెలసిన కూఫీ కోణములతో నిటారుగా నుండును. గ్రంథములకు నస్ఖు వాడిరి. కమానులపై పట్టీవలె పొడవైన నిలువుగీతలతో సాగు పెద్ద వ్రాత చాలమట్టుకు సులుసు అను తీరు. ఖురాను వాక్యములకు గోల్కొండ లేఖకులు దానిని మిక్కిలి ప్రేమించిరి. పారశీక పద్యములకు జారుచున్నట్లు వ్రాలి యుండు నస్తాలీఖు ఉన్నది. ఎత్తున చెక్కవలసినచో మరియొక చిక్కు: పైకి పోయినకొలది అక్షరము చిన్నదిగా కనబడును. ఆగ్రాలోని తాజమహలు ద్వారముపై షీరాజు పట్టణపువాడైన అమానత్ ఖాను పైపైకి అక్షరమును పెద్దది చేయుచు పోయెను. క్రింద నిలిచి చూచువారికి అన్నియు సమానముగా తోచును.

అంత దూరము పోలేనివారికి గోల్కొండ కలదు. కోటకు కొలది దూరమున, 106 ఎకరముల తోటలో కుతుబ్‌షాహీల గోరీలు ఉన్నవి. 1518 మొదలు 1687 వరకు ఏలిన ఎనిమిదిమంది సుల్తానులలో ఏడుగురు ఇచ్చటనే నిదురించుచున్నారు. కడపటివాడైన అబుల్ హసను మాత్రము ఔరంగజేబు చెరలో మరణించి ఖుల్దాబాదున ఖననము పొందెను. ఆ గుమ్మటముల క్రింద నల్లరాతి సమాధులపై వ్రాత ఉబ్బెత్తుగా లేచియుండును. అక్షరమును తొలుచుట కాదు. అక్షరమును విడిచి చుట్టునున్న రాతిని తొలగించిరి. ఉలి ఒక్కమారు జారెనా, అక్షరము పోయినట్లే. మీలో రాతిపని చేసిన కుటుంబములవారు ఉన్నచో ఆ చేతి అదుపు ఎట్టిదో మాకంటె మీరే చెప్పగలరు.

నగరములో చార్మినారునకు ఉత్తరమున బాదుషాహీ ఆశూర్ఖానా యున్నది. చార్మినారు కట్టిన 1591 తరువాత కొలదియేండ్లకే మహమ్మద్ కులీ కుతుబ్ షా దీనిని కట్టించెను. గోడలనిండ నీలము, పసుపు, ఆకుపచ్చ వన్నెల పింగాణి పలకలను ముక్కముక్కగా అతికి పెద్ద పెద్ద పీరీల ఆకారములు తీర్చిరి; వాటిలో అక్షరములు అల్లుకొనియున్నవి. ఈ పలకలపని 1611 నాటిది. 1908లో మూసీ పొంగి క్రింది భాగమును పాడుచేసెను. అచ్చట రంగులతో అనుకరించి వ్రాసిరి. అసలు ఎక్కడ ముగిసెనో, అనుకరణ ఎక్కడ మొదలయ్యెనో చదువురానివాడు కూడ చూడగానే చెప్పును.

ఇవి పరదేశపు వారివి, మనకేమి యనుమాట మేము కొన్నిచోట్ల వినియున్నాము. లేఖకులు కొందరు ఇరానునుండి వచ్చినమాట నిజమే. రాయి ఎక్కడిది? సున్నము ఎక్కడిది? మోసిన భుజములు ఎవరివి? గోల్కొండ గుమ్మటముల మొదట చుట్టును విచ్చుకొనియున్నవి పద్మదళములు. ఇబ్రహీం కుతుబ్ షాను తెలుగు కవులు మల్కిభరాముడని పిలిచిరి. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకు అంకితమిచ్చెను. అచ్చతెలుగున వెలసిన తొలికావ్యము యయాతిచరిత్రమును పొన్నికంటి తెలగనార్యుడు పటాన్‌చెరువు అమీన్‌ఖానునకు అంకితమిచ్చెను. ఆ ప్రభుత్వపు ఫర్మానులు పారశీకముతోపాటు తెలుగునను వెలువడెను. ఒకే కాగితముపై రెండు లిపులు.

కట్టుబడిలోని మార్పును చూడగోరినచో మొదట మీ ప్రక్కనున్న రాచకొండ యెక్కుడు. రేచర్ల పద్మనాయకుల ఆ కోట ద్వారములలో రెండు రాతికంబములు నిలిపి, వాటిపై ఒక దూలము పరచిరి. దూలము ఎంత పొడవో ద్వారము అంతే వెడల్పు. కమానునకు ఆ కట్టుబాటు లేదు. చిన్నచిన్న రాళ్ళను అంచులు చెక్కి వంపుగా పేర్చి, నడినెత్తిన ఒక రాయి బిగించినచో పైబరువు రాతినుండి రాతికి జారి గోడలలోనికి దిగును. బరువు పెరిగినకొలది రాళ్ళు మరింత బిగియును. గుమ్మటమునకును ఇదియే మూలము. నాలుగు పలకల గదిపై గుండ్రని గుమ్మటమెట్లు నిలుచుననగా, నాలుగు మూలలను చిన్న కమానులతో కోసి ఎనిమిది పలకలుగా చేసిరి; ఎనిమిదినుండి వలయము సులభము.

ఇక గచ్చు. కాల్చిన సున్నమును నానబెట్టి, ఇసుక కలిపి, ఎద్దులు త్రిప్పు రాతిగానుగలో నూరి డంగుసున్నము చేయుదురు. బెల్లపునీరు, కరక్కాయనీరు, కోడిగ్రుడ్ల తెల్లసొన కలుపుట వాడుక. ఆ గచ్చుతోనే రాతిగోడపై పూలు, జాలీలు, పట్టీలు తీర్చిరి. గచ్చునకు ఒక గుణము కలదు: గోడలోని చెమ్మను బయటికి పోనిచ్చును. సిమెంటు పోనీయదు. పాతగోడకు సిమెంటు పూసినచో లోపలి నీరు ఉప్పును లాగుకొని వచ్చి, పూత వెనుకనే నిలిచి, రాతిని పెచ్చులు పెచ్చులుగా ఊడగొట్టును. అంచనా వ్రాయువారికి సిమెంటు ధర తెలియును గాని ఈ సంగతి తెలియదు. వారిపై కోపము లేదు, ఎవరును చెప్పియుండలేదు. గోల్కొండ గోరీలకును గత శతాబ్దమున సిమెంటు పూసియుండిరి. 2013 మొదలు ఆగాఖాన్ సంస్థవారు రాష్ట్ర వారసత్వ శాఖతో కలిసి పూనుకొన్న జీర్ణోద్ధరణలో ఆ సిమెంటును ఒలిచి, మరల సున్నపు గచ్చునే పూయించిరి. పని ముగిసినది 2024లో. పదునొకండేండ్లు పట్టినది. ఆ తోటలోని బడీ బావి గోడ 2013 వానలకు కూలగా దానినిగూడ రాయి రాయి పేర్చి నిలిపిరి. నేడు అందు నీరు నిలుచుచున్నది.

మీ రహదారిని గూర్చి ఒక ముచ్చట చెప్పవలెను. పదునేడవ శతాబ్దమున ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావర్నియే గోల్కొండనుండి మచిలీపట్టణమునకు పోవు మజిలీలను తన గ్రంథమున వ్రాసెను. అందులో ‘పతేంగి’ యని యున్నది మన పంతంగియే. నేడు కార్లు టోలు కట్టుటకు ఆగు చోటనే నాడు బాటసారులు రాత్రికి ఆగెడివారు. గోల్కొండ దాటిన మొదటి మజిలీలో ధర్మము కలదని, పేదలకు వండిన అన్నము, రొట్టె పెట్టుదురని, పరులు వండినది తినని హిందువులకు పిండియు కొంత వెన్నయు ఇచ్చెదరని ఆయన వ్రాసెను. ఎదుటివాని ఆచారమును అడిగి మన్నించిన ఆ ఏర్పాటు మాకు గుమ్మటములకంటె తక్కువ అందముగా తోచలేదు.

అదే దారిపై హయాత్‌నగరు కలదు. మహమ్మద్ కులీ కుమార్తె, అబ్దుల్లా కుతుబ్ షా తల్లి హయాత్ బక్షీ బేగము పేర వెలసిన ఊరు. ఆమె పేరిట నున్న మసీదునకు ముందు అయిదు కమానులు, రెండు మినారులు. ఆవరణ చుట్టును బాటసారులు దిగుటకు కట్టిన సరాయి గదుల వరుస. సమీపమున హాథీ బౌలీ యను పెద్ద బావి. నమాజు చేయువానికి మసీదు, నడచి వచ్చినవానికి నీడ, దప్పిగొన్నవానికి నీరు ఒకేచోట అమర్చిరి.

మీరు చేయదగినది అధికముగా లేదు. ఊరిలో వ్రాతగల రాయి ఉన్నచో, ఏ భాషదైనను సరే, గీకవద్దు, రంగు వేయవద్దు, ఉన్నచోటినుండి కదపవద్దు. ఉదయపు ఎండ ప్రక్కనుండి పడునపుడు ఫోటో తీసి, ఊరు, స్థలము వ్రాసి రాష్ట్ర వారసత్వ శాఖకు పంపుడు. అరబ్బీ, పారశీక శాసనములను చదువుటకు కేంద్ర పురావస్తు శాఖవారి విభాగము నాగపూరున కలదు. వారు రాతిని కడిగి, తడికాగితమును అద్ది, కుంచెతో కొట్టి, సిరా పట్టించి అచ్చు తీయుదురు. రాతికి హాని యుండదు. మరమ్మతు తప్పనిచో ముతవల్లిని, ముజావరును ముందుగా కూర్చుండబెట్టి మాట్లాడుడు. తెలంగాణ వారసత్వ చట్టము 2017లో వచ్చినది. రక్షిత కట్టడముల విషయమున శాఖ అనుమతి లేక చేయి పెట్టరాదు.

వచ్చే నెల ఒకనాడు మీతో హయాత్‌నగరు వెళ్ళవలెనని మా కోరిక. చౌటుప్పల్ బస్సు ఎక్కినచో గంటలోపలి దారి. చెప్పులు వెలుపల విడువవలెను. శుక్రవారము మధ్యాహ్నము నమాజు వేళ గనుక ఆ సమయము తప్పించి, ఉదయముననే బయలుదేరుదము.