అడుగును తూచే నేల

మనిషి పాదం మోపిన ప్రతిసారీ, అది నేలను ఎంత బలంతో నొక్కుతుందో నేల కూడా పాదాన్ని అంతే బలంతో ఎదురు నెడుతుందని న్యూటన్ మూడవ గమన నియమం చెబుతుంది. ఈ ఎదురు బలానికి భూప్రతిచర్యా బలమని పేరు. నడకను పరీక్షించే ప్రయోగశాలల్లో దీనిని కొలవడానికి నేలలో అమర్చే పలకలను ఫోర్స్ ప్లేట్లు అంటారు. ఇళ్లలో వాడే బరువు యంత్రం నిలుచున్న మనిషి బరువును ఒక్క అంకెలో చెప్పి ఊరుకుంటుంది. ఫోర్స్ ప్లేటు నిలువుగా, ముందువెనుకలుగా, పక్కవాటుగా పనిచేసే బలాలను విడివిడిగా, తరచు సెకనుకు వెయ్యి సార్లు నమోదు చేస్తూ, ఆ బలమంతా అరికాలి కింద ఏ బిందువు గుండా పోతున్నదో కూడా తెలుపుతుంది.

సాధారణంగా పలక నాలుగు మూలల కిందా సంవేదకాలు, అంటే బలాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పరికరాలు, ఉంటాయి. కొన్నింటిలో ఇవి క్వార్ట్జ్ స్ఫటికాలు. నొక్కితే కొన్ని స్ఫటికాల్లో విద్యుదావేశం పుడుతుందని 1880లో పియరీ క్యూరీ, ఆయన అన్న జాక్ క్యూరీ కనుగొన్నారు. మరికొన్నింటిలో స్ట్రెయిన్ గేజ్‌లు, అంటే సాగినప్పుడు విద్యుత్ నిరోధం మారే పలుచని లోహపు రేకులు, ఉంటాయి.

ఇంత సున్నితమైన పరికరం విలువ చివరకు దాని కింది కాంక్రీటుపై ఆధారపడుతుందన్న సంగతి చాలాసార్లు మరుగున పడుతుంది. వీలైతే ప్రయోగశాలను కింది అంతస్తులోనే, లిఫ్టుకూ ఏసీ కంప్రెసర్లకూ దూరంగా ఏర్పాటు చేయాలి. ఎందుకంటే పై అంతస్తు స్లాబు నడిచేవారి అడుగులకే కొద్దిగా ఊగుతుంది, ఆ ఊపు కూడా కొలతలో కలిసిపోతుంది. కాంక్రీటులో గుంట వదిలి, అందులో ఉక్కు చట్రాన్ని రసమట్టంతో సరిచూసి నిలిపి, దాని కింద ఖాళీ మిగలకుండా ఎపాక్సీ గ్రౌటు, అంటే గట్టిపడే రసాయన మిశ్రమం, నింపి, అది పూర్తిగా గట్టిపడ్డాకే పలకను బోల్టులతో బిగిస్తారు. చట్రం ఏమాత్రం వంకరగా ఉన్నా బిగింపులో పలక మెలిపడి, నిలువు బలంలో కొంత భాగం పక్క బలంగా కనిపిస్తుంది. పలక చుట్టూ కొన్ని మిల్లీమీటర్ల సందు విడిచిపెట్టడం తప్పనిసరి. ఆ సందులో ఇసుక రేణువులు ఇరుక్కున్నా, పైన పరిచిన వినైల్ షీటు అంచు నేలకు ఆనుకున్నా, పాదం మోపిన బలంలో కొంత పక్క నేలకు జారిపోయి లెక్కకు రాకుండా పోతుంది.

ఈ పట్టింపు చాదస్తం కాదు. 70 కిలోల మనిషి ఒంటికాలిపై ఉన్నప్పుడు నేల ఇచ్చే బలం సుమారు 700 న్యూటన్లు. పలక బలకేంద్రాన్ని, అంటే ఆ బలం అరికాలి కింద పోయే బిందువును, ఒక్క సెంటీమీటరు పక్కకు చూపినా మోకాలి వద్ద లెక్కగట్టే భ్రమకం, అంటే బలం కీలును తిప్పే ప్రభావం, సుమారు 7 న్యూటన్ మీటర్లు తప్పుతుంది. సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డకు ఏ కండరానికి శస్త్రచికిత్స అవసరమో ఆలోచించే వైద్యులు ఇటువంటి లెక్కలను కూడా చూస్తారు కాబట్టి, తాపీపనిలో జరిగిన పొరపాటు ఆ బిడ్డ కాలి దాకా పోగలదు.

పలకపై కూడా చుట్టూ ఉన్న నేల రంగు షీటునే పరుస్తారు. పలక కనిపిస్తే నడిచే వ్యక్తి దానిపైనే కాలు వేయాలని అడుగును సాగదీస్తాడు, దానితో సహజమైన నడక మారిపోతుంది. పలకల మధ్య దూరాన్నీ కాంక్రీటు పోయకముందే ఆలోచించుకోవాలి: పెద్దల అడుగుకు తగినట్లు అమర్చినచోట చిన్నపిల్లల రెండు పాదాలూ ఒకే పలకపై పడి, ఏ కాలి బలం ఎంతో విడదీయడం కష్టమవుతుంది. అందుకే పిల్లలూ పెద్దలూ వచ్చే కొన్ని ప్రయోగశాలల్లో, తరువాత పలకలను జరుపుకునేందుకు వీలుగా, ఒకే గుంటలో పొడవాటి పట్టాలను బిగించి వాటిపై పలకలను నిలుపుతారు.