గింజ కన్నా ముందు ఫారం-బి



కె.కోటపాడులో ఈరోజు గొడ్ల మేత గురించి మాట్లాడతానంటే కొందరు నవ్వారు. నవ్వండి, ఫర్లేదు. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే మనం అమ్మేది ఆ మేకనే కదా. దాని కడుపు నిండేది కొండవాలు మీదే.

ఆ వాలు ఎలా పాడైందో మీకు తెలుసు. తొలకరికి మొలిచిన గడ్డి బెత్తెడు ఎదగకముందే మందంతా దాని మీద పడిపోద్ది. ఇక గింజ కట్టేదెప్పుడు? ఖాళీ అయిన చోట లంటానా పొదలు లేస్తాయి. అది పశువు తింటే విషం.

మొదటి పనికి డబ్బక్కర్లేదు. వాలుని రాళ్ల గుర్తులతో నాలుగు ముక్కలు చేసుకోండి. ఒక ముక్కలోకి తొలకరి నుంచి గింజ రాలేదాకా ఏ మందా పోకూడదు. ఏటా ముక్క మార్చండి. కంచె కొనక్కర్లేదు, కాపరులు ఒప్పుకుంటే చాలు. ఆ ఒప్పుకోవడమే కష్టం, నాకూ తెలుసు. ముందు మేకలోళ్లని కూర్చోబెట్టండి. వాళ్లు లేకుండా చేసిన తీర్మానం వారం కూడా నిలవదు.

వానకి నేల మెత్తబడ్డాక, కాయ పండకముందే లంటానాని వేరుతో పీకాలి. ఆ ఖాళీలో స్టైలో గింజ చల్లండి. పప్పుజాతి మొక్క, నేలకి నత్రజని ఇస్తుంది, తన గింజ తనే రాల్చుకుని మళ్లీ మొలుస్తుంది. గింజ తోలు గట్టిది. బాగా వేడి నీళ్లలో, మరిగేవి కాదు, నాలుగైదు నిమిషాలు ఉంచి, రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టండి. మట్టి లోతుగా కప్పొద్దు. మొదటి ఏడు గింజ కొన్నా, తర్వాత మీరే ఏరుకోవచ్చు.

ఇప్పుడు అసలు మాట. వాలు పచ్చబడ్డాక ఎవరో వచ్చి "ఇది మీదెక్కడిది?" అంటే ఏం చెప్తారు? మనది షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. 1/70 గానీ, పెసా గానీ ఇక్కడ వర్తించవు. అది విని చాలామంది మనకే చట్టమూ లేదనుకుంటారు. తప్పు. అటవీ భూమి అయితే 2006 అటవీ హక్కుల చట్టం ఇక్కడా వర్తిస్తుంది. సెక్షన్ 3(1)(డి)లో పశువుల మేత సామూహిక హక్కుగా ఉంది. గ్రామసభ, అటవీ హక్కుల కమిటీ ద్వారా ఫారం-బి పెట్టాలి. ఆధారాలు ఒకటికి మించి కావాలి. రూల్ 13 ప్రకారం సంప్రదాయ మేత స్థలమే ఒక ఆధారం, పెద్దల వాంగ్మూలం ఇంకొకటి.

అందుకని ఈ వారం తాతల్ని వెంటబెట్టుకుని వాలంతా నడవండి. మంద ఏ బండ దగ్గర ఆగేది, ఏ గెడ్డలో నీళ్లు తాగేది, వాళ్లు చెప్పినట్టే రాసి వేలిముద్ర వేయించండి. వచ్చే గ్రామసభకి ఆ కాగితం, ఫారం-బి రెండూ పట్టుకు రండి. గింజలు నానబెట్టేది ఆ తర్వాతే.