బీపీకి వేరు మందు – నాకు తెలిసిన సంగతి



నన్ను బీపీకి వాడే చెట్ల మందుల గురించి మాట్లాడమన్నారు. మన దుమ్ముగూడెం అంటే ఒక పక్క గోదారి, ఒక పక్క అడివి. మందు చెట్టు తెలియని ఇల్లుండదు. అవి పనికిరావని చెప్పడానికి నేను నిలబడలేదు.

సర్పగంధి వేరునే తీసుకోండి. 1931లో గణనాథ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే ఇద్దరు బెంగాలీ వైద్యులు ఇది బీపీకి, మతి చలించినవాళ్లకి పనిచేస్తదని రాశారు. 1949లో బొంబాయి డాక్టర్ రుస్తుం జాల్ వకీల్ రాసింది ఇంగ్లండ్ పత్రికలో అచ్చయింది. 1952లో స్విట్జర్లాండ్ వాళ్లు ఆ వేరులోంచి రిసర్పిన్ అనే మందు తీశారు. చాలా దేశాల్లో వాడారు. వాడాకే తెలిసింది, మోతాదు మించితే మనిషి దిగులులో పడతాడు, ముక్కు దిబ్బడేస్తది, నాడి నెమ్మదిస్తది, కడుపులో పుండు ఉంటే ముదురుతది. గర్భిణీలు అసలు ముట్టకూడదు. అందుకే డాక్టర్లు వేరే గోళీలకి మారారు.

ఇక మా ఇంటి సంగతి. మా అత్తమ్మ బీపీ గోళీలు ఆపేసి, సంతలో ఎవరో ఇచ్చిన వేరు పొడి వాడింది. గోళీలు వేడి చేస్తాయంట! రెండు నెలలకి మూలకి కూర్చుని ఊరికే ఏడ్చేది. మేమేమో కోడళ్ల మీద అలక అనుకున్నాం. ఆ పొడిలో ఏమేం కలిపారో ఇప్పటికీ తెలియదు. ఒక తెల్లవారుజామున కుడిచెయ్యి, కాలు పడిపోయినయ్. బీపీ ఎక్కువై పక్షవాతం వచ్చిందన్నారు. సంఘంలో తీసుకున్న అప్పు ఇంకా కడుతున్నాను. బీపీ పెరిగితే ఒంటికి తెలియదక్కా, మిషన్‌కే తెలుస్తది.

ఈ మధ్య కొన్ని సంఘాలు బీపీ పొడి ప్యాకెట్లు చేసి అమ్ముదామంటున్నాయి. నేను వద్దన్నాను. ఇద్దరు ముగ్గురు నాతో మాట్లాడ్డం మానేశారు కూడా. కానీ ఆయుర్వేద మందు చేసి అమ్మాలన్నా లైసెన్సు కావాలి. వేరు వేరుకీ మందు బలం మారుతది, చెంచాతో కొలిస్తే సరిపోదు. పైగా వేరు తవ్వితే మొక్కే పోతది. పచ్చళ్లు, చింతపండు, ఇప్పపువ్వు లడ్డూలు చేద్దాం, నేను ముందుంటాను.

తెల్లమద్ది బెరడు కషాయం తాగేవాళ్లున్నారు. ఆయుర్వేద డాక్టర్‌కి చూపించుకుని తాగండి, గోళీ మాత్రం ఆపకండి. దగ్గుకి వాడే అతిమధురం రోజూ నమిలితే బీపీ పెరుగుతది, ఇది చాలామందికి తెలియదు. ఉప్పు మనిషికి రోజుకి ఒక చిన్న చెంచా, అంటే 5 గ్రాములు దాటొద్దంటారు. మనం ఆవకాయ, ఎండు చేపలతోనే అది దాటేస్తాం. గంజిలో ఉప్పు వేసుకోకుండా నేను మానడానికే ఆరు నెలలు పట్టింది.

భోజనాలయ్యాక ఆశా అక్కలు మిషన్ పెట్టుకుని ఆ వేపచెట్టు కింద కూర్చుంటారు. 30 దాటినవాళ్లందరూ చెయ్యి పెట్టండి. 140కి 90 దాటితే సబ్ సెంటర్‌కి రాసిస్తారు. ఏదైనా పొడి వాడుతున్నవాళ్లు దాచకుండా చెప్పండి, పొట్లం ఉంటే తీసుకొచ్చి చూపించండి. మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు.