ఎన్ని ఉన్నా ఇంకో బ్యాగు

ఫొటోలు తీసేవాళ్ల ఇంట్లో అటక చూడండి. కెమెరా ఒకటే, బ్యాగులు అరడజను! పెళ్లికొకటి, ప్రయాణానికొకటి, వానకొకటి. అన్నిటికీ సరిపడే బ్యాగును ఇంతవరకు ఎవరూ కుట్టలేదు మరి.

ఫిలడెల్ఫియా ఇంక్వైరర్ పత్రిక ఫొటోగ్రాఫర్ జిమ్ డామ్కె 1970ల నడుమ, గట్టి పెట్టెల బరువుతో విసిగి, మెత్తని కాన్వాసు బ్యాగు రూపొందించుకున్నాడు. భుజం మీంచి జారకుండా దాని పట్టీలో రబ్బరు పోగులు నేసి ఉంటాయి. చిన్న సంగతే గాని, రోజంతా మోసేవాడికే తెలుస్తుంది దాని విలువ. ఇంగ్లండులో 1973లో మొదలైన బిల్లింగ్‌హామ్ కంపెనీ ముందు కుట్టింది చేపలు పట్టేవాళ్ల సంచులే. న్యూయార్క్ ఫొటోగ్రాఫర్లు వాటిలో కెమెరాలు సర్దుకోవడంతో దాని దారే మారింది.

ఇంకోటి కొంటే కొనండి గాని, వానాకాలంలో లెన్సును బ్యాగులోనే వదిలేయకండి. చెమ్మకు బూజు పడుతుంది. సిలికా జెల్ వేసి, గాలి చొరని డబ్బాలో దాచండి.